ప్రైమర్ కొడితే బొమ్మలన్నీ ఎమెరీ పేపర్‌లా అయిపోయాయి, వానాకాలంలో మీరంతా ఏం చేస్తారు?

మహేంద్రతనయ
మాది పర్లాకిమిడి. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో మొదటిసారి 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ సైనికుల పెట్టె తెప్పించుకున్నాను. పది బొమ్మలు. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని ఫ్రేమ్ నుంచి ఒక్కో ముక్కా కత్తిరించి అతికించాను. నిన్న సాయంత్రం వాన కాస్త తెరిపి ఇచ్చాక డాబా మీదికి తీసుకెళ్లి నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే తొలిపూత) స్ప్రే కొట్టాను. ఆరాక చూస్తే ఇసుక చల్లినట్టు గరుకుగా ఉన్నాయి. ముక్కు, నోరు ఏదీ తెలియడం లేదు. వేలితో రాస్తే నల్లపొడి రాలుతోంది. డబ్బా బాగానే ఊపాను. దసరా సెలవులకి బల్ల మీద బొమ్మల యుద్ధం ఆడటానికి మా బావ విశాఖ నుంచి తన బొమ్మల సైన్యం పట్టుకుని వస్తాడు. అప్పటికి నా పదిమందీ రంగులతో బల్ల మీద నిలబడాలి. ఇవి బాగుపడతాయా, పారేయాల్సిందేనా? టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు.

రాయగడ_రైలుబండి
పారేయొద్దు తమ్ముడూ. ప్లాస్టిక్ బొమ్మ మీద పడిన రంగుని తియ్యడానికి దారి ఉంది. ముందు మూడు సంగతులు చెప్పు. ఎంత దూరం నుంచి కొట్టావు? ఆ టైముకి గాల్లో తేమ ఎంత ఉంది? అతికించే ముందు ముక్కల్ని కడిగావా?

మహేంద్రతనయ
తమ్ముణ్ని కాదండీ, చెల్లిని. దూరం రెండు జానలు ఉంటుంది. తేమ ఇప్పుడు ఫోన్‌లో చూస్తే 91 శాతం అని ఉంది, నిన్నా ఇంచుమించు అంతే ఉండి ఉంటుంది. కడగాలన్న సంగతే నాకు తెలియదు.

రాయగడ_రైలుబండి
సరే చెల్లీ. మూడింటికి మూడూ దొరికాయి.

బరంపురం_అక్క
91 శాతంలో స్ప్రే కొడితే ఎవరికైనా ఇదే గతి. డబ్బాలోంచి గ్యాస్ బయటికి రాగానే ఒక్కసారిగా చల్లబడుతుంది, దానితోపాటు రంగు తుంపర కూడా చల్లబడుతుంది. వానగాలిలో ఉన్న తేమ ఆ చల్లటి తుంపర మీద చేరుతుంది. రంగు, నీరు కలిసి బొమ్మ మీద పడితే నున్నగా పరుచుకోదు. మా బరంపురంలో జూన్ నుంచి అక్టోబరు దాకా నేను స్ప్రే డబ్బా ముట్టుకోను. తేమ 60 లోపు ఉంటే మంచిది, 70 దాటితే ఆ రోజుకి పని మానేస్తాను. వాన తెరిపి ఇచ్చిన గంట మరీ మోసం చేస్తుంది. ఆకాశం తేటగా కనిపిస్తుంది గానీ నేలలోని తడంతా అప్పుడే పైకి లేస్తుంది.

బల్లార్షా_బాబాయ్
అక్క చెప్పింది నిజమే కానీ తప్పంతా తేమ మీదే వెయ్యొద్దు. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మే నెలలో ఇక్కడ ఎండ 45 దాటుతుంది, గాల్లో తడి అన్నదే ఉండదు. నాలుగేళ్ల కింద మధ్యాహ్నం పూట మిద్దె మీద ఇరవై గుర్రపు రౌతులకు ప్రైమర్ కొడితే నాకూ అచ్చం ఇలాగే గరుకు వచ్చింది. కారణం వేరు. ఆ ఎండకు రంగు చుక్క బొమ్మను తాకకముందే గాల్లోనే ఆరిపోతుంది. తాకేది తడి రంగు కాదు, పొడి. రెండు జానల దూరం అంటే నలభై సెంటీమీటర్ల పైమాటే. అంత దూరం నుంచి కొడితే ఏ కాలంలోనైనా పొడే పడుతుంది. ఇరవై నుంచి ముప్ఫై లోపు ఉండాలి. బొమ్మ పక్కన ఖాళీ గాల్లో నొక్కడం మొదలుపెట్టి, బొమ్మ మీదుగా చెయ్యి జరిపి, అవతల గాల్లో వదలాలి. ఒక్కో ఊపు ఒక్క క్షణమే.

బరంపురం_అక్క
బాబాయ్, ఆ అమ్మాయి పొడి రాలుతోంది అంది కాబట్టి దూరం సంగతిలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ 91 శాతంలో ఇరవై సెంటీమీటర్ల నుంచి కొట్టినా బాగా వచ్చేది కాదు.

బల్లార్షా_బాబాయ్
అదీ నిజమే. రెండూ కలిశాయి పాపం.

జైపూర్_ఎర్రమట్టి
మా కొరాపుట్ వైపు మూడో సమస్య. డిసెంబరు పొద్దున చలికి డబ్బాలోని ఒత్తిడి తగ్గి రంగు చుక్కలు చుక్కలుగా ఉమ్ముతుంది. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు డబ్బా నిలబెడితే సర్దుకుంటుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడే ఉండాలి. పొయ్యి మీద, హీటర్ దగ్గర పెట్టారంటే పేలుతుంది, ఆ పని ఎవరూ చెయ్యకండి.

కిన్వట్_పొణికి
కడగడం సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బొమ్మలు అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావాలని ఫ్యాక్టరీలో అచ్చుకు జిడ్డులాంటిది పూస్తారు. అది బొమ్మ మీద కొంచెం మిగులుతుంది. రెసిన్ బొమ్మల మీద బాగా ఎక్కువ, ప్లాస్టిక్ మీద తక్కువ. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, రాత్రంతా ఆరబెట్టాలి. నేను ఫ్రేమ్‌తోనే కడిగేస్తాను, చిన్న ముక్కలు మోరీలో పోకుండా ఉంటాయి.

మహేంద్రతనయ
అంటే నేను తీరిగ్గా చేశాననుకున్న వారం పని అసలు మొదలే కాలేదన్నమాట. ఇప్పుడు ఈ పొరని తీసేది ఎలా? ఎమెరీ పేపర్‌తో రుద్దనా?

సిరోంచ_ప్రాణహిత
వద్దు వద్దు. రుద్దితే గరుకుతోపాటు ముఖం కూడా పోతుంది.

రాయగడ_రైలుబండి
డెట్టాల్. నీళ్లు కలపకుండా మూత ఉన్న గాజు సీసాలో పోసి బొమ్మల్ని మునిగేలా ఒక రోజు ఉంచు. చేతులకు గ్లౌజులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఎక్రిలిక్ పొర తోలులా ఊడి వస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకో. రుద్దిన వెంటనే పంపు కింద పెట్టకు. నీళ్లు తగలగానే ఊడిన రంగంతా బంకలా మారి మళ్లీ బొమ్మకే అంటుకుంటుంది. ముందు కొత్త డెట్టాల్‌తో ఆ మురికిని కడిగి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు నీళ్లు.

గుణుపూర్_వంశధార
ఆ డబ్బా హార్డ్‌వేర్ షాపులో బళ్లకి వేసే ప్రైమర్ అయితే డెట్టాల్‌కి లొంగదు. నాకు మూడు రోజులు నానబెట్టినా కదల్లేదు. చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే దిగింది. మొబైల్ రిపేర్ షాపులవాళ్లు బోర్డులు కడగడానికి అదే వాడతారు, వాళ్లని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. కిటికీలు తీసి పెట్టు, వంటింట్లో మాత్రం వద్దు, తొందరగా అంటుకుంటుంది.

బల్లార్షా_బాబాయ్
గోళ్ల రంగు తుడిచేది మాత్రం వాడకమ్మా. చాలావాటిలో అసిటోన్ ఉంటుంది. లోహపు బొమ్మకు ఫరవాలేదు గానీ ప్లాస్టిక్ బొమ్మ మెత్తబడి ముద్దయిపోతుంది. ఇంకోటి, దేనితో అతికించావు?

మహేంద్రతనయ
చేతులూ తలలూ ప్లాస్టిక్ సిమెంట్‌తో. కిందున్న గుండ్రటి దిమ్మలకి ఫెవిక్విక్.

బల్లార్షా_బాబాయ్
అయితే చేతులూ తలలూ ఎక్కడికీ పోవు. ఆ సిమెంట్ రెండు వైపులా ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ మధ్యలో పొరలా ఉంటుంది అంతే, నానితే ఊడొచ్చు. దిమ్మలు ఊడితే మళ్లీ పెట్టుకో.

ధర్మాబాద్_మిర్చి
పదీ ఒకేసారి సీసాలో వెయ్యకండి. ఒక్క బొమ్మను ముందు పంపండి. యుద్ధంలో వేగులవాణ్ని పంపినట్టు.

మహేంద్రతనయ
సరే, విరిగిన కత్తి ఉన్నవాణ్ని పంపిస్తాను. నా డబ్బా మీద ఎక్రిలిక్ అనే ఉంది, డెట్టాల్‌తో మొదలుపెడతాను. రేపు చెబుతాను.

కిన్వట్_పొణికి
అది నానేలోపు ఒక మాట. చిన్నప్పుడు మా తాత నిర్మల్ తీసుకెళ్లి అక్కడ బొమ్మలు చేసేవాళ్లను చూపించాడు. మాకు దగ్గరే. పొణికి కర్ర చెక్కి, ముక్కల్ని అతికించి, సందుల్లో చింతగింజల పిండితో చేసిన లప్పం పెట్టి, పైన తెల్లసుద్ద పూత వేసి, ఆరాకే రంగు ముట్టుకుంటారు. కొండపల్లిలోనూ అంతే, అక్కడ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దని మక్కు అంటారు. మనం సందులు పూడ్చడానికి ఎపాక్సీ పుట్టీ అంటున్నది ఆ మక్కే, ప్రైమర్ అంటున్నది ఆ సుద్ద పూతే. ఆ ముసలాయన ఒక చిలక బొమ్మకు రంగు వేసింది అరగంట. అంతకుముందు దాన్ని తయారుచేసింది రెండు రోజులు. నేను ఈ హాబీలోకి వచ్చి మొదటి బొమ్మ పాడుచేసుకున్న రోజున నాకు ఆ రెండు రోజులే గుర్తొచ్చాయి.

బరంపురం_అక్క
ఎంత బాగా చెప్పారు. మా ఒడిశా పట్టచిత్రం కూడా ఇంతే. నూలుగుడ్డకి చింతగింజల జిగురు పట్టించి, సుద్దపొడి పూసి, రాయితో నున్నగా రుద్దుతారు. గుండ్రటి గంజపా పేకముక్కలు కూడా అదే పద్ధతి. నున్నటి నేల లేకుండా సన్నటి గీత రాదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ ముఖం మినప్పప్పు బద్దంత ఉంటుంది. దాని మీద గరుకు ఉంటే ఎంత మంచి కుంచె ఉన్నా ఏం లాభం?

గుణుపూర్_వంశధార
స్ప్రే లేకుండా కుంచెతో ప్రైమర్ వెయ్యడం గురించి చెప్పండి ఎవరైనా. వానాకాలం నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చోలేం కదా.

రాయగడ_రైలుబండి
నేను ఏడాది పొడుగునా కుంచెతోనే. రైల్వే క్వార్టర్‌లో పిల్లలున్నారు, స్ప్రే కొట్టే చోటు లేదు. బొమ్మలకి ప్రత్యేకంగా వచ్చే ప్రైమర్ సీసా ఒకటి కొనుక్కుంటే వంద బొమ్మలు దాటుతాయి. వెడల్పు కుంచెతో పలచగా రెండు కోట్లు. మొదటి కోటు అతుకులతుకులుగా కనిపిస్తుంది, కంగారుపడి అప్పుడే మళ్లీ రాయకూడదు. పూర్తిగా ఆరాక రెండో కోటు. అది దొరక్కపోతే ఆర్ట్ షాపులో నల్ల గెస్సో, కాన్వాసు మీద రంగుకి ముందు పూసేది.

జైపూర్_ఎర్రమట్టి
గెస్సోతో నాకు పడదు. మందంగా ఉండి గొలుసు చొక్కాల మీది చిన్న చిన్న వలయాల్ని పూడ్చేస్తుంది.

రాయగడ_రైలుబండి
ఆరేటప్పుడు కుంచించుకుని వివరాల్లోకి లాక్కుంటుందండీ. తడిగా ఉన్నప్పుడు చూస్తే భయమేస్తుంది, ఆరాక చూడాలి.

జైపూర్_ఎర్రమట్టి
నేను ఆరాకే చూశాను. పూడిపోయాయి. మీరు నీళ్లు కలుపుతారేమో, నేను సీసాలోంచి అలాగే వేశాను.

రాయగడ_రైలుబండి
అదీ సంగతి. పలచటి మజ్జిగలా ఉండాలి.

సిరోంచ_ప్రాణహిత
వానాకాలం మాటొచ్చింది కాబట్టి నా కథ చెబుతాను, ఈ అమ్మాయికి తర్వాత పనికొస్తుంది. ఆగస్టులో ప్రాణహిత నది నిండుగా ఉన్నప్పుడు మా ఇంట్లో గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. ఆరు నెలలు కష్టపడి పూర్తిచేసిన ముప్ఫై మందికి మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో అందరూ బూజు పట్టినట్టు తెల్లబారిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. తర్వాత ఒకాయన చెబితే మెరిసే రకం వార్నిష్ కుంచెతో పలచగా పూశాను. తెల్లదనం ముప్పావు వంతు పోయింది, రంగులు మళ్లీ బయటికొచ్చాయి. నవంబరులో పొడిగాలి మొదలయ్యాక మెరుపు పోయేలా మ్యాట్ వేశాను. ఇప్పుడు బొమ్మలకి వార్నిష్ కూడా కుంచెతోనే వేస్తున్నాను.

ధర్మాబాద్_మిర్చి
ఆలివ్ నూనె రాస్తే కూడా తెల్లదనం పోతుంది. నాకు పోయింది.

సిరోంచ_ప్రాణహిత
పోతుంది గానీ జిడ్డు మిగిలితే దాని మీద మళ్లీ రంగు పట్టదు. నాకు చివరి మార్గంగా తప్ప వద్దనిపిస్తుంది.

మహేంద్రతనయ
వేగు తిరిగి వచ్చాడు! ఇరవై నాలుగు గంటలు నానబెట్టాను. బ్రష్‌తో రుద్దితే నల్లటి పొర మొత్తం ఊడింది. ముక్కు కనిపించింది, మీసం కనిపించింది. ఇల్లంతా డెట్టాల్ వాసన వస్తుంటే మా అమ్మ ఎవరికి దెబ్బ తగిలిందని పరుగెత్తుకొచ్చింది. సైనికుడికి అని చెప్పాను. మిగతా తొమ్మిది మందీ ఇప్పుడు సీసాలో ఉన్నారు.

బరంపురం_అక్క
చదివి ఎంత సంతోషమేసిందో.

బల్లార్షా_బాబాయ్
రంగు పోయాక బొమ్మను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. కాళ్ల పక్కన, భుజాల మీద, టోపీ నడినెత్తిన సన్నటి గీత కనిపిస్తుంది. అచ్చు రెండు ముక్కలు కలిసినచోట ఏర్పడేది. దాన్ని మోల్డ్ లైన్ అంటాం. ప్రైమర్ వేశాక చూసుకుంటే ఆలస్యం. కత్తి పదునుతో కాదు, కత్తి వీపుతో గీకాలి, లేకపోతే ప్లాస్టిక్ లేచిపోతుంది. నీ బొమ్మలకి ఇది రెండో జన్మ కాబట్టి ఈసారి అది కూడా చేసెయ్.

మహేంద్రతనయ
ఉన్నాయి బాబాయ్, పదిమందికీ ఉన్నాయి. మొదటిసారి చూడనేలేదు. చంకలో పెద్ద సందు కూడా ఉంది ఒకడికి.

గుణుపూర్_వంశధార
సందుకి ఎం-సీల్ కొంచెం కలిపి పెట్టు. తొందరగా గట్టిపడుతుంది, కాబట్టి శనగగింజంత కంటే ఎక్కువ కలపకు. తడివేలితో నున్నగా చెయ్యి. గ్రీన్ స్టఫ్ అనే బొమ్మల పుట్టీ అయితే ఇంకా తీరిగ్గా పనిచెయ్యొచ్చు గానీ ఖరీదు.

ధర్మాబాద్_మిర్చి
ఇంతకీ ఏ సైన్యం? ఏం రంగు?

మహేంద్రతనయ
ఎర్రకోట్లు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ కాల్బలం. బావ దగ్గర ఫ్రెంచివాళ్లున్నారు. చందుర్తి యుద్ధం ఆడదామనుకున్నాం.

గుణుపూర్_వంశధార
చందుర్తి! నా చిరకాల కోరిక అది. 1758 డిసెంబరు. ఒకవైపు కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచివాళ్లు, మరోవైపు ఇంగ్లిష్ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతి రాజు. ముందు ఏడాదే 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ తోడుతో బొబ్బిలి కోట మీద పడ్డది విజయనగరం వాళ్లే, రెండేళ్లు తిరక్కుండా ఫ్రెంచివాళ్ల మీదికి ఇంగ్లిష్ వాళ్లను తెచ్చిందీ వాళ్లే. ఈ యుద్ధంలో రంగుకి ఎంత పని ఉందో తెలుసా? ఫోర్డ్ దగ్గరున్న మన సిపాయిలు కూడా ఎర్రకోట్లు వేసుకున్నారు. అసలు ఇంగ్లిష్ పటాలం ఎత్తైన చేను చాటున ఉండిపోయింది. ఫ్రెంచివాళ్లు ఎర్రకోటు చూసి సిపాయిలనే ఇంగ్లిష్ పటాలం అనుకుని వాళ్ల మీదికి పోయారు. సిపాయిలు వెనక్కి తగ్గగానే చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి తూటాలు కురిపించింది. కాబట్టి చెల్లీ, నీ ఇంగ్లిష్ వాళ్లకీ సిపాయిలకీ ఒకే ఎరుపు వెయ్యి. రెండు రకాల ఎరుపు వేస్తే యుద్ధమే అబద్ధం అయిపోతుంది.

మహేంద్రతనయ
ఇది నాకు తెలియదు! ఒళ్లు జలదరించింది. ఆ చేను కూడా చెయ్యాలి ఇప్పుడు.

జైపూర్_ఎర్రమట్టి
చేనుకి కొబ్బరిపీచు. చిన్న కట్టలుగా కత్తిరించి అడుగున ఫెవికాల్‌లో ముంచి నిలబెట్టు, ఆరాక ఆకుపచ్చ, పసుపు కలిపి డ్రై బ్రష్, అంటే రంగు తుడిచేసిన కుంచెతో పైపైన రాయడం. గడ్డి దుబ్బులకి బీరపీచు ముక్కలు కూడా బాగుంటాయి. నేల కోసం నేను మా ఊరి ఎర్రమట్టి ఎండబెట్టి టీ జల్లెడతో జల్లిస్తాను.

బరంపురం_అక్క
గోపాల్‌పూర్ బీచ్ ఇసుక తెచ్చుకునేవాళ్లు మూడుసార్లు మంచినీళ్లలో కడగండి. ఉప్పు ఉండిపోతే వానాకాలం రాగానే తేమ పీల్చుకుంటుంది.

ధర్మాబాద్_మిర్చి
ఎరుపు గురించి నన్ను చెప్పనివ్వండి, మా ఊరు మిరపకాయల ఊరు. నల్ల ప్రైమర్ మీద ఎరుపు నేరుగా ఎక్కదు. నాలుగు కోట్లు వేసినా చచ్చిన ఎరుపే వస్తుంది. ముందు ఇటుకరంగు లాంటి గోధుమ ఎరుపు ఒక కోటు, దాని మీద ఎరుపు రెండు కోట్లు. నీడకి నలుపు కలపకండి, మెరూన్ వాడండి. వెలుగుకి తెలుపు కలిపితే గులాబీ రంగు అయిపోతుంది, నారింజ కలపండి. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఎండలో చూడండి, మీదపడ్డ మెరుపు నారింజే, మడతలో ఉన్నది మెరూనే.

కిన్వట్_పొణికి
ఇది రాసి పెట్టుకుంటున్నాను.

రాయగడ_రైలుబండి
మడతల కోసం వాష్ ఉంది కదా. గోధుమరంగుని చారు తేటలా పలచన చేసి పైన పూస్తే దానంతట అదే గుంటల్లోకి దిగుతుంది. చదునుగా ఉన్నచోట నిలిచిపోతే తడిలేని కుంచెతో పీల్చెయ్యాలి.

సిరోంచ_ప్రాణహిత
ఇప్పుడు ఒక్క కోటుతో నీడా వెలుగూ రెండూ వచ్చే రంగులున్నాయి. బొమ్మల రంగులు అమ్మే సిటాడెల్ వాళ్లు 2019లో కాంట్రాస్ట్ అని తెచ్చారు, తర్వాత మిగతావాళ్లూ తెచ్చారు. తెల్ల ప్రైమర్ మీద వేస్తే పని సగం తగ్గుతుంది. పదిమందికి రెండు సాయంత్రాలు చాలు.

బల్లార్షా_బాబాయ్
మొదటి పది బొమ్మలకే ఆ దారి పట్టించకండి. చెయ్యి తిరిగేది పొరలు వేస్తేనే.

సిరోంచ_ప్రాణహిత
బాబాయ్, ఆమెకి దసరా గడువు ఉంది. రంగు వెయ్యని సైన్యంతో ఆడటం కంటే మేలు కదా.

మహేంద్రతనయ
గడువు ఉన్నా పొరలే వేస్తాను. ఇంకా రెండు నెలలుంది. కానీ రంగు పళ్లెంలో తొందరగా ఎండిపోతోంది, ఫ్యాన్ ఆపితే చెమటలు.

బరంపురం_అక్క
వెట్ ప్యాలెట్ చేసుకో. మూత గట్టిగా పట్టే స్వీట్ల డబ్బాలో తడి టిష్యూలు నాలుగు మడతలు పరిచి, పైన వంటకి వాడే బటర్ పేపర్. రంగు రెండు మూడు రోజులు తడిగానే ఉంటుంది. మన వానాకాలంలో వారానికే బూజు వాసన వస్తుంది, అడుగున చిన్న రాగి ముక్క పెట్టి చూడు. నాకు బాగా తగ్గింది. నీళ్లు మరిగించి చల్లార్చినవే పోసుకో.

కిన్వట్_పొణికి
కుంచె గురించి ఒక హెచ్చరిక. సంతల్లో మెత్తటి సన్న మొన కుంచెలు చవగ్గా అమ్మేవాళ్లు ముంగిస జుట్టువి అంటగడతారు. ముంగిసల్ని చంపి తీసే జుట్టు అది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అమ్మడం, కొనడం నేరం. సింథటిక్ కుంచె చాలు. మొన వంకర తిరిగితే దాన్ని డ్రై బ్రష్‌కి వాడుకుని ఇంకోటి తీసుకోండి. రంగు జుట్టు సగం దాటి పైకి, ఆ లోహపు గొట్టంలోకి పోకుండా చూసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. మొన కోసం నోట్లో పెట్టుకునే అలవాటు కూడా వద్దు.

మహేంద్రతనయ
పదిహేను రోజుల తర్వాత వస్తున్నాను. మోల్డ్ లైన్లు గీకాను, కడిగాను, కుంచెతో ప్రైమర్ రెండు కోట్లు. నున్నగా ఉంది, వేలికి ఏమీ అంటడం లేదు. ఆరుగురికి కోట్లు, బూట్లు, తుపాకులు అయిపోయాయి. మిర్చిగారి నారింజ అంచు వేశాక కోటు నిజంగా గుడ్డలా మడతలు పడినట్టుంది. ఇప్పుడు ముఖాలు. కళ్లు ఎప్పుడు వెయ్యాలి?

బల్లార్షా_బాబాయ్
ముందు. చర్మం రంగు వెయ్యగానే కళ్లు. తప్పిపోతే చుట్టూ చర్మం రంగుతో దిద్దుకోవచ్చు.

బరంపురం_అక్క
చివర. మా నాన్న దుర్గమ్మ విగ్రహాలు చేసేవారు. ఒళ్లంతా, నగలంతా అయ్యాక, ఆఖరున కళ్లు. అంతవరకు అది మట్టి, కన్ను తెరిచాక అమ్మవారు. ఆ రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. నేను ఇంత చిన్న బొమ్మకి కూడా అలాగే వేస్తాను.

బల్లార్షా_బాబాయ్
అమ్మా, మీ నాన్నగారి పద్ధతికి దండం పెడతాను. కానీ విగ్రహం కన్ను అరచేయంత. ఇక్కడ కన్ను గసగసాల గింజంత. చివర వేసి చెయ్యి జారితే అయిపోయిన ముఖం మొత్తం పోతుంది.

బరంపురం_అక్క
చెయ్యి జారకుండా ఉండేది అందుకే బాబాయ్, చివర అని తెలిసి వేస్తాం కాబట్టి.

రాయగడ_రైలుబండి
అసలు కళ్లు వెయ్యకపోయినా తప్పు లేదు. టోపీ నీడలో ముదురు గోధుమ గీత ఒకటి పెడితే బల్ల మీద మూడడుగుల దూరం నుంచి కన్నులాగే కనిపిస్తుంది.

మహేంద్రతనయ
ముగ్గురి మాటా విన్నాను. నలుగురికి బాబాయ్ పద్ధతిలో ముందు వేశాను. ఇద్దరికి గీత పెట్టాను. ఏడో వాడు వేగు, విరిగిన కత్తివాడు. వాడికి మాత్రం అక్క చెప్పినట్టు అన్నీ అయ్యాక, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక వేశాను. ఎడమ కన్ను కుదిరింది. కుడి కన్ను కొంచెం పైకి పోయింది, ఏదో దూరంగా చూస్తున్నట్టుంది. దిద్దబుద్ధి కాలేదు.

గుణుపూర్_వంశధార
చేను అవతల ఎవరొస్తున్నారో చూస్తున్నాడు. ఉంచెయ్.

బరంపురం_అక్క
ఫోటో పెట్టమ్మా, దగ్గర నుంచి.

మహేంద్రతనయ
ఇక్కడ కరెంటు పోయింది, రేపు పగటి వెలుగులో తీసి పెడతాను. ఇంకా ముగ్గురున్నారు. బావ ఫోన్ చేశాడు, తన ఫ్రెంచివాళ్లకి స్ప్రే కొడితే గరుకు వచ్చిందట, ఏం చెయ్యాలని అడుగుతున్నాడు.

ధర్మాబాద్_మిర్చి
యుద్ధం అయ్యాక చెప్పు.

మహేంద్రతనయ
డెట్టాల్ సంగతి అప్పుడే చెప్పేశాను.